డిక్కీలో సీసాలు

ఫిబ్రవరి తొమ్మిది. ఆ మధ్యాహ్నం తిన్నది మునగాకు పప్పూ, బెల్లావకాయా. సీతారామారావుకి తేదీతో సహా గుర్తుండిపోవడానికి కారణం, అన్నం తింటూండగానే పళ్ళెంలో సగం మాయమైపోవడం.

"కర్టెన్ వేశావేంటమ్మా?" అన్నాడు.

"ఎవరూ వెయ్యలేదు నాన్నా," అంది శ్రావణి.

కుడికంటికి అడ్డంగా నల్లటి తెర దిగింది. ఆ తెర వెనకాలే ఎక్కడో, పళ్ళెం అంచున, ఆఖరి ఆవకాయ ముక్క ఉండిపోయింది. అది రెండేళ్ళ కిందటి వేసవిలో ఆయన భార్య భాగ్యవతి కలిపిన ఆవకాయ. ఆ ఏడాది చలికాలం ఆవిడ దాటలేదు. శ్రావణి ఆ సీసాని ఫ్రిజ్‌లో దాచుకుని, తండ్రి హైదరాబాదు వచ్చినప్పుడు మాత్రమే బయటికి తీసేది.

మర్నాడే ఆపరేషన్. కంటి లోపలి పొర గోడమీది సున్నంలా ఊడిపోయిందని చెప్పి, దాన్ని అతికించి, అది ఆరేదాకా నొక్కి ఉంచడానికి కంట్లోకి గాలి బుడగ ఒకటి ఎక్కించారు. బుడగ ఎప్పుడూ పైకే తేలుతుంది కాబట్టి మనిషి ఎప్పుడూ నేలనే చూడాలి. కూర్చున్నా నేలే, నడిచినా నేలే, పడుకుంటే బోర్లా. రెండు గంటలకోసారి చుక్కలు.

"విమానం మాత్రం ఎక్కకండి," అన్నాడు డాక్టరు. "పైకి వెళ్తే బుడగ ఉబ్బుతుంది. చూపు దక్కదు. తప్పదంటే కారులో వెళ్ళండి. తల మాత్రం ఎత్తొద్దు."

తిరుగు టికెట్ రద్దయింది. పన్నెండు రోజులు కూతురింట్లో నేలమీది టైల్స్ లెక్కపెట్టాడు. శ్రావణీ, అల్లుడూ ఆఫీసుకి ఒకరి తర్వాత ఒకరు సెలవు పెట్టుకుంటూ, ఫోన్లలో ఎవరికో సర్దిచెప్పుకుంటూండడం వినిపించేది. రాజాంలో అక్క నారాయణమ్మ తనతోనే ఉంటుంది. నేల చూస్తూ కూర్చోవడానికి ఈ ఊరైతేనేం, ఆ ఊరైతేనేం అని పట్టుబట్టాడు.

కారు కుదిరింది. డ్రైవరు పేరు మురళీమోహన్. పొందూరు దగ్గరి మనిషి. హైదరాబాదులో కారు తిప్పుతాడు. నెలకోసారి అదే కారు వేసుకుని తల్లిని చూడ్డానికి వెళ్తాడట.

అక్కడే సీతారామారావుకి మొదటి అనుమానం. తల్లిని చూడ్డానికి నెలనెలా ఏడు వందల చిల్లర కిలోమీటర్లు కారు తోలుకుని వెళ్ళేవాడు ఎవడుంటాడు?

ఆయన రాజాం కాలేజీలో ముప్ఫై ఒక్క ఏళ్ళు ఆర్థికశాస్త్రం చెప్పాడు. పరీక్ష హాల్లో గోడవైపు తిరిగి నిలబడి కూడా చీటీ చప్పుడు పట్టేసేవాడని పేరు. ఆ చెవులు ఇంటికొచ్చాక కూడా ఊరుకునేవి కావు. "మీకు పాలల్లో నీళ్ళు ఎప్పుడూ కనిపిస్తాయి, నీళ్ళల్లో పాలు ఒక్కసారీ కనిపించవు," అనేది భాగ్యవతి.

తెల్లవారుజామున బయల్దేరారు. మురళి వెనక సీటునిండా దుప్పట్లు పరిచి, తలవైపు, సీటు అంచు దాటి ఉండేలా, పిల్లలు ఈతకి వాడే గాలి ట్యూబు పెట్టాడు. దానిమీద పసుపుపచ్చ బాతుల బొమ్మలు. "ముఖం దీంట్లో పెట్టీయండి మాస్టారూ. ఊపిరాడతాది, కన్నుకేటీ తగలదు," అన్నాడు. ముఖం పెట్టి చూస్తే నిజంగానే హాయిగా ఉంది. ట్యూబు మధ్యలోంచి కారు నేలమీది రబ్బరు పట్టా, దానిమీద ఒక వేరుశనగ తొక్కా కనిపిస్తున్నాయి. కారు మలుపు తిరిగితే తొక్క పక్కకి జరుగుతుంది. బ్రేకు వేస్తే ముందుకి దొర్లుతుంది. ఇక పద్నాలుగు గంటలపాటు లోకమంటే అదే.

ఇరవై నిమిషాలు కాకముందే తొక్క ముందుకి దొర్లింది. కారు ఆగింది.

"రెండు నిముషాలు మాస్టారూ," అని మురళి దిగాడు. వెనక డిక్కీ తెరుచుకుంది. గాజుకి గాజు తగిలిన చప్పుడు.

"ఎన్నిరా?"

"మూడన్నా. పాలిథిను సుట్టి మూతలు బిగించీసినాను."

"ఒలకదు గదా? కారులో మనిషున్నాడు."

"పిసరు ఒలకదు."

డిక్కీ మూతపడింది. కారు కదిలింది. సీతారామారావు ట్యూబులోంచే అడిగాడు. "ఏంటి బాబూ అవి?"

"ఏటీ లేదు మాస్టారూ. మనోళ్ళ సామాన్లు."

మరో అరగంటకి ఇంకోచోట ఆగింది. చుట్టూ ఇసుక, సిమెంటు వాసన. పెద్ద భవనం కడుతున్న చోటు కాబోలు. ఈసారి నలుగురైదుగురి గొంతులు, అన్నీ శ్రీకాకుళం గొంతులే. మళ్ళీ గాజు చప్పుడు, ఈసారి ఎక్కువసేపు.

"బోర్డర్లో ఇప్పమంటారేమో బావా?"

"ఇప్పితే అరగంట పోతాది. పేషెంటున్నాడని సెప్పీస్తాను. ఎవుడాపుతాడు?"

సీతారామారావు ట్యూబుని రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

అదీ సంగతి. ఇటువైపు మందు చవకనీ, సీసాలు కార్లలో దాచి సరిహద్దు దాటిస్తున్నారనీ పేపర్లో చదువుతూనే ఉన్నాడు. పాల క్యాన్లలో పట్టుకున్నారు, కొబ్బరి బొండాల కింద పట్టుకున్నారు. కన్ను ఆపరేషనై, తలెత్తి చూడలేక బోర్లా పడుకున్న ముసలాడి వెనకాల డిక్కీలో పెడితే పట్టుకునేదెవడు? ఇంతకన్నా మంచి తెర దొరుకుతుందా?

ఊరు దాటాక మురళి ఫోను మోగింది. మురళి గొంతు తగ్గించాడు. సీతారామారావు చెవులు రిక్కించాడు.

"ఆఁ... ఎక్కించీసినాను. పడుకునే ఉన్నారు... లేదు, సూడలేదు. ఆయనకి తెలీదు. నాను సెప్పనండి... అలాగే, ఇంటికెళ్ళాకే."

ఫోను పెట్టేశాక మురళి ఏదో పాట కూనిరాగం తీశాడు. ఆ నిశ్చింత చూస్తే ఇంకా భయమేసింది. రోడ్డుమీద గతుకు వచ్చినప్పుడల్లా డిక్కీలో గలగల. గతుకు రాబోతుంటే మురళి ముందుగానే కారు నిదానం చేస్తున్నాడు. నా కన్ను కోసం కాదు, సరుకు పగలకుండా, అనుకున్నాడు సీతారామారావు.

ఆయన భయం పరువు గురించి మాత్రమే కాదు. ఎక్కడో ఏలూరు అవతలో, తుని అవతలో కారు పట్టుకున్నారనుకో. డ్రైవర్ని లాక్కెళ్తారు. కారు స్టేషన్ ఆవరణలో ఎండలో పెడతారు. తల పైకెత్తలేనివాడు ఎవరికి ఏం చెప్పుకుంటాడు? రెండు గంటలకోసారి చుక్కలు వేసేదెవరు? ఉన్న రెండు కళ్ళలో ఎడమది ఎప్పట్నించో మసక, దగ్గరున్న పెద్ద అక్షరాలే ఆనుతాయి దానికి. ఈ కుడిది పోతే పేపరు చదవలేడు, బస్సు బోర్డు చదవలేడు, గోడమీది భాగ్యవతి ఫొటో కూడా అంతే.

ఏదైనా జరగాలంటే సరిహద్దు దగ్గరే జరగాలి. అక్కడైతే పోలీసులుంటారు, శ్రావణి మూడు గంటల్లో రాగలదు.

ఎండ కాస్త ఎక్కాక తొక్క నెమ్మదిగా ముందుకి జరిగి ఆగింది. అద్దం దింపిన చప్పుడు.

"ఎక్కడికి?"

"రాజాం సార్. కంటి ఆపరేషను పేషెంటు. తల ఎత్తకూడదు."

వెనక అద్దంలోంచి ఒక నీడ పట్టామీద పడి, తొలగింది. "సరే, పోనీ."

"ఒక్క నిమిషం," అన్నాడు సీతారామారావు, బాతుల ట్యూబులోంచి. గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. "డిక్కీ చూడండి. అందులో ఏముందో నాకు తెలీదు. నాకు సంబంధం లేదు."

ఇంజను ఆగింది.

"ఏటి మాస్టారూ?" అన్నాడు మురళి. కోపం లేదు ఆ గొంతులో. నడుస్తూ నడుస్తూ రాయి తగిలినవాడిలా అన్నాడు, అంతే.

కారు పక్కకి పెట్టించారు. డిక్కీ తెరిచారు. ఒక్కో సీసా తీసి కిందపెడుతున్న చప్పుడు. ఒకటి, రెండు, నాలుగు, తొమ్మిది. తర్వాత మూతలు తిప్పుతున్న కిరకిర.

"ఇదేంటయ్యా, పటికబెల్లం?" అంది కానిస్టేబుల్ గొంతు. "ఇందులో పంచదార. ఇందులో... గాజులా? ఇదేంటి, చంటిపిల్లల మేజోళ్ళు? నువ్వేం వ్యాపారం చేస్తున్నావురా బాబూ?"

"యాపారం కాదు సార్," అన్నాడు మురళి.

సీతారామారావు ఉండబట్టలేకపోయాడు. డోరు తీసుకుని, వంగే ఉండి, తడుముకుంటూ దిగాడు. పట్టాకీ తొక్కకీ అలవాటైన కన్నుకి నేల ఎంత దూరంలో ఉందో అంచనా అందలేదు. రెండో అడుగులో బూటు దేనికో తగిలింది. గాజు ఫెళ్ళున పగిలింది. ఆ అదురుకి తల దానంతటదే పైకి లేచింది.

ఎండ. కుడికంట్లో నల్లటి అంచు ఒకటి, మేస్త్రీ రసమట్టం ఒరిగితే లోపలి బుడగలా, ఒక్కసారిగా జారింది.

"తల! తల దించండి మాస్టారూ!"

పోలీసు అడుగుతున్న ప్రశ్న సగంలో వదిలేసి మురళి పరిగెత్తుకొచ్చాడు. మెడ వెనక అరచెయ్యి వేసి, పాలు తాగని దూడ మెడ వంచినట్టు వంచాడు. రెండో చెయ్యి పడిపోకుండా నడుం చుట్టూ వేశాడు. "ఎందుకు దిగినారు? ఇన్ని రోజులు కాసుకొచ్చింది ఇక్కడ పారబోస్తారేటి? నన్ను లోపలేస్తే ఏస్తారు, మీ కన్నెవులిస్తారు?"

వంగిన తలతో, ఎడమకంటితో, సీతారామారావు అప్పుడు చూశాడు. రోడ్డు పక్క మట్టిలో వరసగా సీసాలు. పాత పచ్చడి సీసాలు, హార్లిక్స్ సీసాలు, రేకు మూతలవి, ప్లాస్టిక్ మూతలవి. అన్నిటికీ లోపల గాజుకి పట్టేసిన నూనె పసుపు, ఎంత తోమినా పోనిది. అన్నిటిమీదా తెల్లటి ప్లాస్టరు ముక్కలు, వాటిమీద పేర్లు. గురమ్మ. ధనలక్ష్మి. ఆయన బూటు ముందు పగిలిన గాజూ, మట్టిలో కలిసిన పటికబెల్లమూ. ఒక పెంకుకి అతుక్కుని 'దేముడమ్మ, పొందూరు'.

"పచ్చడి సీసాలు సార్," మురళి కానిస్టేబులుతో చెబుతున్నాడు, చెయ్యి మాత్రం మెడమీంచి తియ్యకుండా. "మావోళ్ళంతా ఇక్కడ తాపీ పనులు, వాచ్‌మేన్ పనులు. నాను ఊరెళ్ళినప్పుడు వాళ్ళ అమ్మలు పచ్చళ్ళిస్తారు, తెచ్చిస్తాను. సీసా మళ్ళీ అమ్మకి సేరాల. సేరకపోతే వచ్చే ఏడు పచ్చడుండదు. వొట్టి సీసా పంపకూడదు గదా, ఎవుడికి తోసింది ఆడు ఏస్తాడు."

కానిస్టేబుల్ చేతిలోని సీసాని కింద పెట్టాడు. తర్వాత, "మా అమ్మా అంతే," అన్నాడు. "నన్ను మర్చిపోతుంది గానీ టిఫిన్ గిన్నె మర్చిపోదు." తనే కూర్చుని సీసాల మూతలు ఒక్కొక్కటీ బిగించడం మొదలుపెట్టాడు.

వరసలో ఆఖరి సీసా దగ్గర సీతారామారావు చూపు ఆగిపోయింది. దానిమీది ప్లాస్టరు పాతది, అంచులు నల్లబడ్డాయి. అక్షరాలు కుడివైపుకి వాలి ఉన్నాయి. 'శ్రావణికి. బెల్లావకాయ. సీసా తిరిగి రావాలి.'

"అది..." అన్నాడు.

"అమ్మాయిగారిదండి," అన్నాడు మురళి నెమ్మదిగా. "దార్లో సూపించొద్దన్నారు. సూస్తే మీరు కన్నీళ్ళెట్టుకుంటారట, కన్నుకి మంచిది కాదట. ఇంటికెళ్ళాక ఇమ్మన్నారు. రెండు గంటలకోపాలి ఫోన్ సేసి అడగతన్నారు, సుక్కలేసినావా, తలెత్తినారా అని. ఇప్పుడేటి సెప్పాల నాను?"

ఏడవకూడదు కాబట్టి ఏడవలేదు.

మురళి ఉన్నదున్నట్టు చెప్పాడు. శ్రావణి ఆస్పత్రికి ఫోన్ చేసి, పావుగంటలో మళ్ళీ చేసింది. ఒకటి రెండు క్షణాలైతే పరవాలేదేమో, ఇక మాత్రం ఎత్తనివ్వద్దన్నారట. 'ఏమో' అన్న ఆ ముక్కని సీతారామారావు బాతుల ట్యూబులో ముఖం పెట్టుకుని విజయవాడ దాకా నములుతూనే ఉన్నాడు. అంతవరకూ ఎదుటివాళ్ళని అనుమానించిన మనిషి ఇప్పుడు తన కన్నునే అనుమానించడం మొదలుపెట్టాడు. ఆ నల్లటి అంచు ఇందాక ఇక్కడుందా, అక్కడుందా? పెరిగిందా? ఆ మెరుపు కొత్తదా, పాతదా?

డిక్కీలో గలగల అలాగే ఉంది. ఒక గొంతు తగ్గిందని ఆయనకి తెలుస్తూనే ఉంది.

చుక్కల వేళకి మురళి చెట్టునీడన కారు ఆపి, సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చాడు. తెల్లవారినప్పట్నించీ కడుక్కుంటూనే ఉన్నాడు గానీ, ప్రతిసారీ కారు వెనక్కి వెళ్ళి అంతసేపు ఏం చేస్తున్నాడా అని సీతారామారావు అనుకుంటూ వచ్చాడు.

"కోపం వచ్చిందా బాబూ?"

"కోపమేటి మాస్టారూ. నానైతే ఎక్కినప్పుడే డిక్కీ ఇప్పించీసేవోణ్ణి." కంటి కింద రెప్పని వేలితో మెత్తగా లాగి, చుక్క వేశాడు. "కానీ ఒకటి. అంత సదువుకున్నారు. నిండు సీసా అంత గలగలమంటాదేటి? సగం సీసాలే గదా మాట్లాడతాయి."

సీతారామారావుకి నవ్వొచ్చింది. నవ్వితే కన్ను కదులుతుందేమోనని భయపడి, పెదాలతో మాత్రమే నవ్వాడు.

"దేముడమ్మ ఏమంటుంది?"

"మా అత్త సంగతి మీకు తెలీదు. తొమ్మిది సీసాల్లో తనది కళ్ళు మూసుకుని తడిమి తీసీగలదు. దాసేదేటుంది? ఒక మాస్టారు తన్నీసినారని సెప్తాను. తిడతాది."

"నన్నా?"

"మిమ్మల్ని తెలీదు గదా. నన్నే."

రాజమండ్రి దగ్గర మురళి ఇడ్లీ తెచ్చి, పొట్లం విప్పి, ట్యూబు కింద పట్టామీద పెట్టాడు. పైనుంచి కిందికి తినడం ఎలాగో పన్నెండు రోజుల్లో అలవాటైంది. వేరుశనగ తొక్కని మురళి ఊడ్చేయబోతే, "ఉండనీ," అన్నాడు సీతారామారావు. "అది నాకు దారి చెబుతోంది." మురళి తొక్కని మళ్ళీ అక్కడే పెట్టాడు.

చిలకపాలెం దగ్గర హైవే వదిలారని తొక్కే చెప్పింది. కుడి పక్కకి నిదానంగా జరిగి అక్కడే ఉండిపోయింది. గాలి మారింది. కోసిన చేల వాసన, ఎవరో గడ్డి కాలుస్తున్న వాసన. పొందూరు వైపు దారి వచ్చినా మురళి కారు తిప్పలేదు. ముందు రాజాం, తర్వాతే మిగతావాళ్ళు అన్నాడు. దీపాలు పెట్టే వేళ దాటాక కారు ఇంటి ముందు ఆగింది.

నారాయణమ్మ గుమ్మంలోనే ఉంది. డెబ్భై మూడేళ్ళ మనిషి, గొంతు మాత్రం ముప్ఫైది. "ఒరే సీతారాం! పుట్టినకాణ్ణించి తల దించుకునే బతికినావు. ఇప్పుడు దానికి డాక్టరు సీటీ కూడా రాసిచ్చినాడేటి?"

"లోపలికి రానియ్యవే అక్కా."

"రా, రా. గడప సూసుకో. నువ్వు నేలే గదా సూస్తావు, ఇప్పుడు నీకన్నా బాగా ఎవుడికి కనపడతాది?"

మంచానికి అడ్డంగా పడుకోబెట్టి, తల అంచుకి వచ్చేలా సర్ది, కింద స్టూలు వేసి, ట్యూబు పెట్టి, మురళి వెళ్ళి భాగ్యవతి సీసా తెచ్చి స్టూలుమీద పెట్టాడు. లోపల బెల్లం ముక్కలు. శ్రావణి వేసింది.

"మురళీ, వంటింట్లో రెండో అర. ఎడమ చివర ఖాళీ సీసాలుంటాయి. వెడల్పు మూతిది ఒకటి తే."

తెచ్చాడు. భాగ్యవతి తోమి బోర్లించి పెట్టినవి అవి. తీసినవాళ్ళు లేరు. సీతారామారావు వంగిన తలతోనే, శ్రావణి వేసిన బెల్లంలో సగం తీసి అందులో వేశాడు. వొట్టి సీసా ఇవ్వకూడదు. మురళి జేబులోంచి ఒక పెంకు తీశాడు. దారంతా కాగితంలో చుట్టి దాచాడు కాబోలు. దానిమీది ప్లాస్టరుని గోటితో జాగ్రత్తగా ఊడదీసి కొత్త సీసాకి అంటించి, బొటనవేలితో అదిమాడు. దేముడమ్మ, పొందూరు.

"ఏటిరా ఈ పంపకాలు?" అంది నారాయణమ్మ.

"తర్వాత చెప్తానక్కా."

"అత్త ఈ సీసా సూసి ఊరుకోదు మాస్టారూ," అన్నాడు మురళి. "బెల్లమేసి పంపినోడికి పచ్చడెట్టి పంపాల గదా. వచ్చే నెల తెస్తాను. సీసా మళ్ళీ ఇచ్చీయాల మరి."

"ఇస్తాను."

నారాయణమ్మ మురళికి అన్నం పెట్టడానికి వంటింట్లోకి వెళ్ళింది. వద్దు, అమ్మ ఎదురుచూస్తాదని మురళి అంటున్నాడు. రెండు ముద్దలు తింటే మీ అమ్మేటీ సచ్చిపోదు అని ఆవిడ అంటోంది.

సీతారామారావు ఒక్కడే ఉన్నాడు. దారంతా చేద్దామనుకుని ధైర్యం చాలక చెయ్యని పని ఒకటి ఉంది. ఎడమకంటిని అరచేత్తో మూశాడు. కుడికంట్లో నీళ్ళడుగున వెలుగు ఊగినట్టు ఊగింది. అంతే. స్టూలు లేదు, ట్యూబుమీద బాతులు లేవు. సీసాని చేత్తో తడిమి, కొంచెం కొంచెం పైకెత్తి, ముక్కుకి ఆనేంత దగ్గరికి తెచ్చాడు.

మసకలోంచి ఒక నల్లటి గీత వచ్చింది. వంపు తిరిగింది. పక్కన ఇంకొకటి. కుడివైపుకి వాలిన గుడిదీర్ఘం, దాని కింద 'స'. సీ. తర్వాత సా. ఊపిరి బిగబట్టి సీసాని వెంట్రుకవాసి పక్కకి జరిపాడు. తిరిగి.

ఆ అక్షరాలు ముందే తెలుసు కాబట్టి కనిపించాయా అని ఆయనలోని ఇన్విజిలేటర్ వెంటనే అడిగాడు. సీసాని అటు తిప్పాడు. అడుగున, గాజులోనే పోతపోసిన ఏదో అంకె. నలభై ఏళ్ళ కాపురంలో ఎప్పుడూ చూడనిది. ఏడు. పక్కన చిన్న చుక్క.

చెయ్యి తీసి ఎడమకంటితో చూశాడు. ఏడే. చుక్కే.

మురళి అన్నం తిని చెయ్యి తుడుచుకుంటూ గది గుమ్మం దగ్గరికి వచ్చాడు. ఆ పాదాలు మాత్రం కనిపించాయి, రోజంతా పెడళ్ళు తొక్కిన పాదాలు. సీసాని రెండు చేతులతో ముఖానికి ఆనించుకుని పడుకున్న మనిషిని చూసి నిద్రపోయాడనుకున్నాడు కాబోలు, పిలవలేదు.

"తలుపు గట్టిగా ఎయ్యకు నాయనా, అది కొట్టుకుంటాది," అంది నారాయణమ్మ, గొంతు తగ్గించి.

పాదాలు వెనక్కి తిరిగాయి. వీధి తలుపు రెక్కని పైనా కిందా చేతులు వేసి పట్టుకుని, గతుకులమీద కారు తోలినంత నిదానంగా, మురళి దగ్గరికి వేశాడు.